బడికి సెలవిస్తే ఇంట్లో ఎవరుంటారు? దసరా, దీపావళి నెలల్లో కుటుంబాల సర్దుబాటు

2025లో తెలంగాణ బడులకు దసరా సెలవులు సెప్టెంబరు 21న మొదలై అక్టోబరు 3 దాకా సాగాయి. మొత్తం 13 రోజులు. 4న బడులు తెరిచారు. 18న బీసీ రిజర్వేషన్ల కోసం రాష్ట్ర బంద్ జరిగింది. 19 ఆదివారం, 20 దీపావళి. 24 నుంచి 31 దాకా మొదటి సమ్మేటివ్ పరీక్షలని విద్యా క్యాలెండర్ చెప్పింది. సరిగ్గా ఆ వారంలోనే, 28 రాత్రి, మొంథా తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. ఆంధ్రప్రదేశ్‌లోని పలు జిల్లాల్లో అప్పటికే బడులు మూసేశారు. మర్నాడు కురిసిన వానకు వరంగల్, హనుమకొండ నీట మునిగాయి. అక్కడా బడులకు సెలవిచ్చారు.

అంటే ఆరు వారాల్లో ఏ రెండు వారాలూ ఒకలా నడవలేదు. ఇదే కాలంలో చాలా ప్రైవేటు సంస్థల్లో పనిచేసే తల్లిదండ్రులకు దొరికిన పండగ సెలవులు రెండో మూడో. మిగిలిన రోజుల్లో పిల్లలు ఎక్కడున్నారు, ఎవరు చూసుకున్నారు, మధ్యాహ్నం ఏం తిన్నారు అన్నది ఏ ప్రభుత్వ లెక్కలోనూ విడిగా కనిపించదు. ఇంటింటా ఎవరికి వారు సర్దుకున్నారంతే.

వినడానికి చిన్న విషయంలా ఉన్నా, తల్లుల ఉద్యోగం, పేద పిల్లల భోజనం, చదువు మూడూ దీనితో ముడిపడి ఉన్నాయి.

పండగ తేదీ మారుతుంది, పరీక్ష నెల మారదు

మన పండగలు చాంద్రమానంలో నడుస్తాయి. చాంద్రమాన సంవత్సరం దాదాపు 354 రోజులు, అంటే సౌర సంవత్సరం కంటే 11 రోజులు తక్కువ. అందుకే దసరా ఏటా కొంచెం ముందుకు వస్తుంది. మూడేళ్లకు కాస్త అటూ ఇటూగా అధిక మాసం వచ్చినప్పుడు ఒక్కసారిగా వెనక్కి పోతుంది. 2024లో విజయదశమి అక్టోబరు 12న, 2025లో అక్టోబరు 2న వచ్చాయి. 2026లో అధిక జ్యేష్ఠం ఉంది కాబట్టి అక్టోబరు 20న పడుతుంది. దీపావళి నవంబరు 8కి వెళ్తుంది.

బడి చదువుకు ఈ వెసులుబాటు లేదు. తెలుగు రాష్ట్రాల్లో జూన్‌లో మొదలైన చదువు మార్చి, ఏప్రిల్ నెలల వార్షిక పరీక్షలకల్లా పూర్తి కావాలి. కాబట్టి అర్ధ సంవత్సర పరీక్షలు పండగల నడుమే ఎక్కడో ఇరుక్కుంటాయి. పండగ ముందు వస్తే సెలవులయ్యాక పరీక్షలు, ఆలస్యంగా వస్తే పరీక్షలయ్యాక సెలవులు. మొదటి పద్ధతిలో బతుకమ్మ ఆడి, ఊరు తిరిగి వచ్చిన పిల్లలను మూడు వారాల్లో పరీక్షకు సిద్ధం చేయడం ఇంట్లో వాళ్ల పనవుతుంది.

పదో తరగతి పిల్లలున్న ఇంట్లో ఒత్తిడి ఇంకా ముందే మొదలవుతుంది. సీబీఎస్‌ఈ 2026 బోర్డు పరీక్షల తాత్కాలిక టైంటేబుల్‌ను 2025 సెప్టెంబరు 24నే ప్రకటించింది. పరీక్షలు ఫిబ్రవరి 17 నుంచి. పదో తరగతికి ఏడాదిలో రెండుసార్లు బోర్డు పరీక్ష పెట్టే పద్ధతి కూడా 2026 నుంచే. ముందుగా చెప్పడం మంచిదే. అయితే ఆ ప్రకటన నవరాత్రుల మధ్యలో వచ్చింది. పండగకు ఊరెళ్లాలా, ట్యూషన్ మానకూడదా అన్న చర్చ ఆ రోజే చాలా ఇళ్లలో మొదలైంది.

రాష్ట్రానికో లెక్క

దేశమంతటికీ ఒకే శరత్కాల సెలవు లేదు. తమిళనాడులో సెప్టెంబరులో క్వార్టర్లీ పరీక్షలు పెట్టి, ఆ వెంటనే వారం పైచిలుకు సెలవిస్తారు. కేరళలో పెద్ద విరామం ఓణానికి. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ బడుల్లో దుర్గాపూజ సెలవులు కాళీపూజ, భాయ్‌ఫోంటా దాటేదాకా సాగుతాయి. ఢిల్లీలో 2025 శరత్కాల సెలవులు మూడంటే మూడు రోజులు. బిహార్, ఝార్ఖండ్‌లలో దీపావళి తరవాత ఛఠ్ ఉంటుంది.

ఉద్యోగాల కోసం రాష్ట్రాలు మారిన కుటుంబాలకు ఈ తేడా బాగా తెలుసు. హైదరాబాద్‌లో ఉన్న అక్క పిల్లలకు సెలవులున్నప్పుడు చెన్నైలో ఉన్న తమ్ముడి పిల్లలకు పరీక్షలుంటాయి. అందరూ కలిసి అమ్మమ్మ ఊళ్లో ఉండగలిగేది రెండు రోజులే. ఒకే ఇంట్లో ఒకరు రాష్ట్ర సిలబస్, ఒకరు సీబీఎస్‌ఈ చదువుతుంటే సెలవులు కలవడం మరీ కష్టం.

అనుకోని మూతలు

పండగ సెలవు కనీసం ముందే తెలుస్తుంది. సర్దుకోవడం అసలు కష్టమయ్యేది ముందు రోజు సాయంత్రమో, రాత్రి వాట్సాప్ గ్రూపులోనో తెలిసే సెలవులతో. అవి ఈ నెలల్లోనే ఎక్కువ. ఈశాన్య రుతుపవనాలు, బంగాళాఖాతం తుపానులు దక్షిణాదికి, పొగ మంచు ఉత్తరాదికి దాదాపు ఒకే కాలంలో వస్తాయి.

2024 నవంబరు 18 నుంచి ఢిల్లీ ప్రాంతంలో కాలుష్య నియంత్రణ చర్యల నాలుగో దశ అమలు కావడంతో తరగతులు ఆన్‌లైన్‌కు మారాయి. వారానికే సుప్రీంకోర్టు దీన్ని మళ్లీ పరిశీలించమంది. చాలామంది పిల్లలకు ఆన్‌లైన్ చదువుకు సదుపాయాలు లేవని, మధ్యాహ్న భోజనం అందడం లేదని, గాలిని శుద్ధిచేసే యంత్రాలు లేని ఇళ్లలో కూర్చుంటే బడికి వెళ్లినదానికంటే మేలు జరుగుతుందని చెప్పలేమని గుర్తు చేసింది. ఆ తరవాత బడికి రావాలో ఆన్‌లైన్‌లో ఉండాలో ఎంచుకునే పద్ధతి తెచ్చారు. అదే నెలలో సరిహద్దు అవతల పాకిస్థాన్ పంజాబ్‌లోనూ ఇదే పొగకు లాహోర్, ముల్తాన్ బడులు రోజుల తరబడి మూతపడ్డాయి.

మరో కారణం ఉపాధ్యాయులకు అప్పగించే ఇతర పనులు. తెలంగాణలో 2024 నవంబరు 6న మొదలైన ఇంటింటి కులగణన సర్వేకు సెకండరీ గ్రేడ్ టీచర్లను పెద్ద సంఖ్యలో తీసుకోవడంతో ప్రాథమిక బడులు ఒంటిపూటే నడిచాయి. కర్ణాటకలో 2025 దసరాకు చేపట్టిన సామాజిక, విద్యా సర్వే గడువులోపు పూర్తికాలేదు. దాంతో ప్రభుత్వ, ఎయిడెడ్ బడుల సెలవులను అక్టోబరు 18 దాకా పొడిగించారు. ఆ వెంటనే దీపావళి. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం పదేళ్లకోసారి జరిగే జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల పనులకు తప్ప ఉపాధ్యాయులను బోధనేతర పనులకు పంపకూడదు. రాష్ట్రాలు సొంతంగా చేపట్టే సర్వేల ప్రస్తావన అందులో లేదు.

సర్వేల అవసరాన్ని ఎవరూ కాదనలేరు. అయితే వాటికోసం బడి మూసినప్పుడు నష్టపోయేది ప్రధానంగా ప్రభుత్వ బడి పిల్లలు. వాళ్ల తల్లిదండ్రుల్లో చాలామందికి ఇంటి నుంచి పనిచేసే వీలు ఉండదు. పనికి వెళ్లకపోతే ఆ రోజు కూలి రాదు.

ఆ గంటలు ఎవరివి?

కేంద్ర గణాంక శాఖ 2024లో జరిపిన సమయ వినియోగ సర్వే ఈ ప్రశ్నకు కొంత సమాధానం ఇస్తుంది. జీతం లేని ఇంటిపని చేసే మహిళలు దానిపై రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, ఆ పని చేసే పురుషులు 88 నిమిషాలు వెచ్చిస్తున్నారు. 15-59 ఏళ్ల వారిలో ఇంట్లోని పిల్లలు, వృద్ధుల వంటి వారిని చూసుకునే పనిలో 41 శాతం మహిళలు పాలుపంచుకుంటే, పురుషులు 21.4 శాతమే. ఆ పని చేసేవారిలోనూ మహిళలకు రోజుకు దాదాపు 140 నిమిషాలు, పురుషులకు 74 నిమిషాలు పడుతోంది.

ఈ అంకెలు ఏడాది సగటు. బడి ఉన్న రోజుకూ లేని రోజుకూ మధ్య తేడాను అవి విడిగా చూపవు. ఆ తేడా ఊహించడం కష్టమేమీ కాదు. బడి ఉన్న రోజున పిల్లల బాధ్యత ఆరేడు గంటల పాటు బడిది. మూసిన రోజున అదంతా ఇంటికి తిరిగి వస్తుంది. దసరాకు ముందు ఇల్లు దులపడం, పిండివంటలు, బట్టల కొనుగోళ్లు, చుట్టాల రాకపోకలు, రెండో టర్మ్ ఫీజు, సెలవుల హోంవర్క్ అన్నీ దానిమీద చేరతాయి. ప్రాజెక్టుకు చార్టు కొని తేవాల్సింది ఎవరో, నానమ్మకు ఫోన్ చేసి వారం ఉండమని అడగాల్సింది ఎవరో చాలా ఇళ్లలో చర్చ లేకుండానే తేలిపోతుంది.

మరోవైపు పనిచేసే మహిళల సంఖ్య పెరుగుతోంది. 15 ఏళ్లు దాటిన మహిళల్లో శ్రామిక భాగస్వామ్యం 2017-18లో 23.3 శాతం ఉండగా, 2023-24కు 41.7 శాతానికి చేరింది. ఈ పెరుగుదలలో స్వయం ఉపాధి వాటా ఎక్కువ. ఇంట్లోనే మిషన్ కుట్టడం, చిన్న దుకాణం, సొంత పొలంలో పని వంటివి పిల్లలను కనిపెట్టుకుంటూ చేయగలిగినవి. జీతం తక్కువైనా ఇలాంటి పనే ఎంచుకోవడానికి బడి వేళలు, సెలవులు కూడా ఒక కారణమే.

ఆరేళ్లు దాటితే చట్టానికి కనిపించరు

పసిపిల్లల సంరక్షణకు చట్టంలో కొంత చోటుంది. ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకంటే ఎక్కువ ఉద్యోగులున్న సంస్థలకు శిశుసంరక్షణ కేంద్రాన్ని తప్పనిసరి చేసింది. కేంద్ర మార్గదర్శకాలు దాన్ని ఆరు నెలల నుంచి ఆరేళ్ల పిల్లలకు ఉద్దేశించాయి. అంగన్‌వాడీలతో కలిపి నడిపే పాల్నా పథకం వయసు పరిమితీ అదే.

ఏడేళ్ల పిల్లాడికి ఇలాంటిదేదీ లేదు. ఆరేళ్లకు బడిలో చేరతారు కాబట్టి సమస్య తీరినట్టేనన్నది దీని వెనుక ఊహ. కానీ బడి రోజూ ఉండదు. విద్యాహక్కు చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 1-5 తరగతులకు 200, 6-8 తరగతులకు 220 పనిదినాలు. ఆఫీసు పనిదినాలు అంతకంటే చాలా ఎక్కువ. ఉన్న రోజున కూడా బడి నాలుగు గంటల ప్రాంతంలో వదిలితే, ఆఫీసు ఆరింటికి.

ఒక్క మినహాయింపు ప్రభుత్వోద్యోగులకే. కేంద్ర ప్రభుత్వ మహిళా ఉద్యోగులు, ఒంటరి తండ్రులు 18 ఏళ్లలోపు పిల్లల కోసం సర్వీసు మొత్తంలో 730 రోజులు శిశు సంరక్షణ సెలవు తీసుకోవచ్చు. పరీక్షలకూ అనారోగ్యానికీ వాడుకోవచ్చు. మహిళలకు ఇది 2008 నుంచి ఉంది. కొన్ని రాష్ట్రాలూ తక్కువ రోజులతో ఇలాంటివి తెచ్చాయి. అయితే భార్య ఉన్న తండ్రికి ఈ సెలవు రాదు. పిల్లల బాధ్యత తల్లిదేనన్న నమ్మకం నిబంధనలోనే ఉంది. ప్రైవేటు ఉద్యోగికి, కూలీకి ఈ సెలవే లేదు.

ఈ ఖాళీని కొంతవరకు పూడ్చుతున్నది ట్యూషన్. 2025లో జరిగిన జాతీయ నమూనా సర్వేలో 27 శాతం విద్యార్థులు ప్రైవేటు కోచింగ్ తీసుకుంటున్నట్టు తేలింది. దీన్ని మార్కుల పోటీగానే చూస్తాం. కానీ మూడో తరగతి పిల్లను సాయంత్రం నాలుగు నుంచి ఏడు దాకా వీధి చివర ట్యూషన్ టీచర్ దగ్గర కూర్చోబెట్టడంలో చదువు ఎంతో, భద్రత అంత. ఆ ఫీజులో కొంత నిజానికి సంరక్షణకు కడుతున్నదే. కట్టలేని ఇళ్లలో పెద్దపిల్ల చిన్నవాళ్లను చూసుకుంటుంది. తన చదువు ఆ మేరకు ఆగుతుంది.

భోజనం సంగతి మరింత సూటిగా ఉంది. 2013 జాతీయ ఆహార భద్రత చట్టం ఎనిమిదో తరగతి దాకా ప్రభుత్వ, ఎయిడెడ్ బడి పిల్లలకు ఉచిత మధ్యాహ్న భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. బడి సెలవు రోజులను మినహాయిస్తున్నట్టు అదే వాక్యంలో చెప్పింది. కాబట్టి అనుకోకుండా పెరిగిన ప్రతి సెలవూ ఈ పిల్లలకు ఒక పూట భోజనాన్ని తగ్గిస్తుంది.

ఏం చేయవచ్చు?

సెలవులు తగ్గించడం దీనికి జవాబు కాదు. పిల్లలకు పండగ కావాలి, ఊరు కావాలి, ఉపాధ్యాయులకు విరామం కావాలి. తుపాను వస్తుంటే బడి మూయాల్సిందే. మూసినప్పుడు ఏమిటన్నదే ప్రశ్న.

మొదటిది, ముందే చెప్పడం. సర్వేలు, శిక్షణల వంటివి నెలల ముందు ఖరారయ్యేవే. వాటి రోజులను జూన్‌లోనే క్యాలెండర్‌లో చేర్చవచ్చు. వాన సెలవులను ముందు రోజు నిర్ణీత వేళకు, జిల్లా అంతటికీ ఒకేసారి చెప్పవచ్చు. దీనికి పెద్ద ఖర్చు లేదు.

రెండోది, పిల్లలు ఉండే చోటు. కర్ణాటక 2020లో 'ఓదువ బెళకు' పేరుతో గ్రామ పంచాయతీ గ్రంథాలయాల్లో పిల్లలకు ఉచిత సభ్యత్వం ఇవ్వడం మొదలుపెట్టింది. తెలుగు రాష్ట్రాల్లోనూ శాఖా గ్రంథాలయాలున్నాయి, హైదరాబాద్‌లో జవహర్ బాలభవన్ ఉంది, దాదాపు ప్రతి ఊళ్లో బడి ఆవరణ ఉంది. సెలవుల్లో తాళం పడే ఈ చోట్లను పగటిపూట ఇద్దరు బాధ్యులతో తెరిచి ఉంచి, అక్కడే భోజనం పెట్టగలిగితే పేద కుటుంబాలకు అదే పెద్ద ఆసరా.

మూడోది, సెలవు హక్కు. బడి వయసు పిల్లల కోసం ఏడాదికి కొన్ని రోజులు, తల్లికీ తండ్రికీ విడివిడిగా, ప్రైవేటు రంగంలోనూ వర్తించేలా ఉండాలి. తల్లికే ఇస్తే యజమానులు మహిళలను తీసుకోవడానికే వెనుకాడతారు. ప్రసూతి సెలవు విషయంలో ఈ భయం ఇప్పటికే ఉంది. పిల్లల సంరక్షణ సెలవుపై 2024 ఏప్రిల్‌లో విచారణ సందర్భంగా సుప్రీంకోర్టు, శ్రామికశక్తిలో మహిళల భాగస్వామ్యం ఎవరో దయతో ఇచ్చేది కాదని, రాజ్యాంగ అవసరమని వ్యాఖ్యానించింది. ఆ మాట ప్రభుత్వ కార్యాలయం గడప దాటి బట్టల దుకాణం, ఆసుపత్రి, కాల్ సెంటర్ దాకా రావాల్సి ఉంది.

2026లో దసరా, దీపావళి రెండూ దాదాపు మూడు వారాలు ఆలస్యంగా వస్తున్నాయి. పరీక్షలు, సెలవులు మళ్లీ కొత్త వరుసలో పడతాయి. పంచాంగం ఈ తేదీలను ఎప్పుడో చెప్పింది. ఆ రోజుల్లో పిల్లలు ఎక్కడుంటారో ముందుగా ఆలోచించే పని మాత్రం ఇప్పటికీ ఇళ్లకే, ఇళ్లలో ఎక్కువగా తల్లులకే మిగిలి ఉంది.