ఆరొందల కిలోమీటర్ల విమానం

శృంగవరపుకోట (ఎస్‌.కోట) వాళ్లకి కడప అంటే రాష్ట్రానికి అటు కొస. బస్సో రైలో పట్టుకుని బయల్దేరితే ఒక రాత్రి దారిలోనే తెల్లారిపోతుంది. విశాఖ విమానాశ్రయం నుంచి కడప విమానాశ్రయానికి సూటిగా గీత గీస్తే మాత్రం సుమారు 595 కిలోమీటర్లే. 2022 మార్చిలో ఇండిగో ఈ దారిలో విమానం మొదలుపెట్టినప్పుడు దించింది జెట్‌ను కాదు, ప్రొపెల్లర్లు తిరిగే ఏటీఆర్‌-72ను. "ఇదేం పాతకాలం బండిరా" అని పెదవి విరిచేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నిజానికి ఇంత దూరానికి ఇంతకంటే తగిన యంత్రం లేదు.

1981లో ఫ్రాన్స్‌కు చెందిన ఏరోస్పాసియాల్, ఇటలీకి చెందిన ఏరిటాలియా కలిసి ఏటీఆర్‌ను నెలకొల్పాయి. తొలి విమానం ఏటీఆర్‌-42 1984 ఆగస్టులో గాల్లోకి లేచింది. దాన్నే సాగదీసి చేసిన 72 మొదటిసారి ఎగిరింది 1988 అక్టోబరు 27న.

దీని ఇంజన్‌ లోపల ఉన్నదీ టర్బైనే. కాకపోతే మండిన వాయువుల శక్తిలో ఎక్కువ భాగం గేర్ల గుండా ప్రొపెల్లర్‌ను తిప్పడానికి పోతుంది. కొంచెం గాలిని మహా జోరుగా వెనక్కి తోసే బదులు, బోలెడు గాలిని నెమ్మదిగా తోస్తుందన్నమాట. ఒక మోస్తరు వేగాల దగ్గర ఇంధనం కలిసొచ్చేది ఇక్కడే. పూర్తి బరువుతోనైనా సుమారు 1,300 మీటర్ల రన్‌వే ఉంటే లేచిపోతుంది. చిన్న ఊళ్లకు ఇంకేం కావాలి!

వేగం గంటకు దాదాపు 510 కిలోమీటర్లు. ఆ లెక్కన కడపకి 70 నిమిషాలు. గంటకు 50 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే 78, అదే గాలి వెనక నుంచి వీస్తే 64. రన్‌వే దాకా పాకడం, పైకెక్కడం, దిగడం కలిపితే గంటన్నర పడుతుందనుకోండి. జెట్‌ గంటకు 830 కిలోమీటర్లు పోతుంది గానీ, ఇంత దగ్గరి ప్రయాణంలో సగానికిపైగా సమయం ఎక్కడానికీ దిగడానికే సరి. మిగిలేది పావుగంటో ఇరవై నిమిషాలో.

ఈ బండికి ఒక చేదు చరిత్ర కూడా ఉంది. 1994 అక్టోబరు 31న అమెరికాలోని రోజ్‌లాన్‌ దగ్గర రెక్కల మీద మంచు పేరుకుని ఒక ఏటీఆర్‌-72 కూలింది. అందులో ఉన్న 68 మందీ పోయారు. రెక్క అంచున ఉబ్బి మంచును పగలగొట్టే రబ్బరు తొడుగులు ఉన్నా, మంచు వాటిని దాటి వెనక గడ్డకట్టింది. తర్వాత ఆ తొడుగులను వెడల్పు చేశారు, మంచులో నడిపే నిబంధనలను బిగించారు.

ఎస్‌.కోట ప్రయాణికుడికి అసలు ఆలస్యం ఆకాశంలో జరగదు. విశాఖకు బదులు భోగాపురం కొత్త విమానాశ్రయం నుంచి లెక్కేస్తే కడప సుమారు 45 కిలోమీటర్లు దూరం జరుగుతుంది, అంటే గాల్లో అయిదు నిమిషాలు ఎక్కువ. ఒక్క రైల్వే గేటు దగ్గర ఆగితే అంతకంటే ఎక్కువే పోతుంది. కాబట్టి జెట్‌ విమానం కావాలని అర్జీలు పెట్టడం మానేద్దాం. ఎస్‌.కోట నుంచి విజయనగరం మీదుగా భోగాపురానికి, విమానాల వేళలకు కుదిరేలా బస్సులు నడపమని ముందు అడుగుదాం.