సెకండ్ హ్యాండ్ రేస్ కార్ కొనాలా? సొంతంగా బిల్డ్ చేసుకోవాలా? అసలు లెక్క ఇదీ!

గేమింగ్ పీసీ గురించి ఎవరు అడిగినా మనం చెప్పే మాట ఒకటే: పార్ట్స్ తెచ్చుకుని సొంతంగా బిల్డ్ చేసుకో, డబ్బులు మిగులుతాయి. మరి రేస్ కార్‌కి కూడా ఇదే లెక్క పనిచేస్తుందా? చాలాసార్లు పనిచేయదు. పైగా రివర్స్ అవుతుంది.

ఉదాహరణకు అమెరికా క్లబ్ రేసింగ్‌లో బాగా పాపులర్ అయిన స్పెక్ మియాటా క్లాస్‌నే తీసుకుందాం. అక్కడ ఉద్యోగం చేస్తూ వీకెండ్ రేసింగ్ మీద కన్నేసిన మనవాళ్లకు కూడా ఇది పనికొచ్చే లెక్కే. 1990 నుంచి 2005 వరకు వచ్చిన మాజ్డా మియాటా కార్లు ఇందులో పోటీ పడతాయి. మొదటి తరం 1.6 లీటర్ ఇంజిన్ పవర్ 116 హార్స్‌పవరే. కారు చిన్నది, పాతది కాబట్టి ఇంట్లోనే రెడీ చేసేద్దాం అనిపించడం సహజం.

బిల్డ్ చేస్తే ఖర్చు ఎక్కడ?

పాత కారు కొనడం మొదటి మెట్టు మాత్రమే. లోపలి సీట్లు, కార్పెట్లు పీకేసి రోల్ కేజ్ వెల్డింగ్ చేయించాలి. కారు పల్టీ కొడితే ప్రాణం కాపాడేది ఇదే కాబట్టి, పని తెలిసినవాళ్ల చేతే చేయించాలి. తర్వాత రేసింగ్ సీటు, హార్నెస్, విండో నెట్, కిల్ స్విచ్, రూల్స్ ప్రకారం సస్పెన్షన్, టైర్లు. ఇవన్నీ అయ్యాక పాత క్లచ్, రేడియేటర్, బేరింగ్‌లు కూడా మార్చాల్సి రావచ్చు.

24 అవర్స్ ఆఫ్ లెమన్స్ అనే సరదా రేసులో కారు ధరకు 500 డాలర్ల లిమిట్ ఉంది. కానీ సేఫ్టీ సామాను ఖర్చును ఆ లిమిట్‌లో లెక్కపెట్టరు. చౌక కార్ల రేసులో కూడా సేఫ్టీ లెక్క వేరే!

సెకండ్ హ్యాండ్ ఎందుకు చవక?

పెట్టిన చాకిరీ డబ్బులు అమ్మేవాళ్లకు తిరిగి రావు. కేజ్ వేసిన కారును రోజూ ఆఫీసుకు వేసుకెళ్లలేం కాబట్టి కొనేవాళ్లూ తక్కువే. అందుకే అదే కారును కొత్తగా తయారు చేయడానికి అయ్యే ఖర్చు కంటే తక్కువకే దొరుకుతుంది. చాలాసార్లు స్పేర్ వీల్స్, పార్ట్స్ కూడా కలిపి ఇచ్చేస్తారు.

కొనే ముందు ఇవి చూడండి

* లాగ్‌బుక్: ఇన్‌స్పెక్షన్‌లు, యాక్సిడెంట్ డ్యామేజ్ వివరాలు ఉంటాయి. ఇది లేని కారుకు దూరంగా ఉండటమే మంచిది.
* రోల్ కేజ్: మీరు ఆడబోయే క్లాస్ రూల్స్‌కు సరిపోతుందా? వెల్డింగ్ దగ్గర పగుళ్లు, తుప్పు ఉన్నాయా?
* హార్నెస్ లేబుల్: బెల్టులకు ఎక్స్‌పైరీ ఉంటుంది. బాగానే కనిపించినా గడువు దాటితే టెక్ ఇన్‌స్పెక్షన్‌లో పాస్ కాదు.
* ఇంజిన్: కంప్రెషన్, లీక్‌డౌన్ టెస్టులు చేయించండి.
* చివరి రేసు ఎప్పుడు? ఏళ్ల తరబడి షెడ్‌లో ఉన్న కారైతే టైర్లు, సీల్స్, ఫ్యూయల్ లైన్ల ఖర్చు మీదే.

"90 శాతం పూర్తయింది" అంటూ అమ్మే సగం ప్రాజెక్టులతో మాత్రం జాగ్రత్త. ఆ మిగిలిన 10 శాతమే జేబు ఖాళీ చేస్తుంది.

మరి బిల్డ్ ఎవరికి?

బాగా పొడుగ్గా ఉన్నవాళ్లకు మియాటాలో హెల్మెట్ కేజ్‌కు తగిలే ప్రమాదం ఉంది. అలాంటప్పుడు తమ కొలతలకు తగ్గట్టు చేయించుకోవడమే సేఫ్. ఇక నేర్చుకోవడమే లక్ష్యమైతే బిల్డ్‌ని మించింది లేదు. కోయంబత్తూరు కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌కు ఇంజినీరింగ్ స్టూడెంట్స్ సొంతంగా డిజైన్ చేసిన కార్లతోనే వస్తారు. అక్కడ డిజైన్‌కి కూడా మార్కులు ఉంటాయి.

మా వెర్డిక్ట్

ఈ సీజన్‌లోనే ట్రాక్ ఎక్కాలంటే లాగ్‌బుక్ ఉన్న సెకండ్ హ్యాండ్ కారే బెస్ట్. మిగిలిన డబ్బు కొత్త బెల్టులు, టైర్లు, ఎంట్రీ ఫీజులకు పెట్టండి. డ్రైవింగ్ మెరుగుపడేది ట్రాక్ మీదే, గ్యారేజీలో కాదు. రెంచ్ పట్టుకోవడమే మీకు కిక్ ఇస్తుందంటే బిల్డ్ మొదలుపెట్టండి, కానీ డబ్బులు మిగులుతాయనే ఆశతో మాత్రం వద్దు.