కత్తి కరుకైతే సాలదు, చెయ్యి కుదురు గావాలె

ఈ నడుమ మన పోరగాళ్ల ఫోన్లల్ల గడ్డం గీసుకునే రీల్స్ మస్తుగ తిరుగుతున్నయి. ఒకడు బరువైన ఇనుప రేజర్ చూపెడుతడు, ఇంకొకడు పొడుగు మంగలి కత్తి తిప్పుతడు. ‘అగ్రెసివ్’ రేజర్ అయితేనే మొగోని రేజర్ అన్నట్టు మాట్లాడుతరు. అది మొగతనం లెక్క కాదు తమ్మీ, బ్లేడు ఎంత బయటికి ఉన్నదన్న లెక్క.

నేను రెండంచుల బ్లేడు రేజర్ తోటి గీసుకోవట్టి ఆరేండ్లు అయితంది, కత్తి పట్టి రెండేండ్లు. నాకు సమజైన సంగతి ఒక్కటే. రేజర్ ఎంత కరుకుదైతే, కాపాడే పని అంత మన చెయ్యి మీదికి వస్తది. అందుకే ముందు చెయ్యి తయారు కావాలె, ఆ తర్వాతనే రేజర్ మార్చాలె.

ముందుగాల పైసల ముచ్చట. మూడు, ఐదు బ్లేడ్ల కార్ట్రిడ్జి ఒక్కటి కొనే పైసలకు రెండంచుల బ్లేడ్లు ప్యాకెట్లకు ప్యాకెట్లే వస్తయి. రేజర్ ఒక్కపాలి కొంటే ఏండ్లు నడుస్తది. ఈ పల్చటి బ్లేడుకు అమెరికాల కింగ్ జిల్లెట్ 1904ల పేటెంట్ తీసుకున్నడు. సాన పట్టే పని లేకుండ, మొద్దువారితే పారేసే బ్లేడు తెచ్చుడే ఆయన చేసిన పని.

ఇగ కరుకుదనం ఏడికెళ్లి వస్తది? రేజర్ తలకాయల పైన ఒక మూత, కింద ఒక పలక, నడుమ వంగిన బ్లేడు ఉంటయి. బ్లేడు అంచుకు, కింది పలకకు నడుమ సందు ఎంత? మూతకు, పలకకు నడుమ గీత గీస్తే బ్లేడు అంచు దాన్ని దాటి ఎంత బయటికి వచ్చింది? ఈ రెండే అసలు కొలతలు. ఎక్కువున్నది కరుకుది, తక్కువున్నది మెత్తనిది. కింది పలకకు దువ్వెన పండ్లు ఉంటేనే కరుకుది అనుకునుడు తప్పు. పండ్లున్న మెత్తని రేజర్లు గూడ ఉంటయి.

పేర్లతోని చెప్పాలంటే, జపాన్ ఫెదర్ కంపెనీ ఏఎస్-డీ2 మస్తు మెత్తనిది. జర్మనీ మెర్కుర్ 34సీ కొత్తోళ్లకు పనికొస్తది. జర్మనీదే మ్యూలే కంపెనీల ఆర్89 మెత్తనిది, ఆర్41 బాగ కరుకుది. కంపెనీ ఒక్కటే అయినా రెంటికి నడుమ భూమికి ఆకాశానికి ఉన్నంత తేడా. మన దేశంల తయారయ్యే పార్కర్ రేజర్లల్ల రెండు తీర్లవీ దొరుకుతయి. మెర్కుర్ ప్రోగ్రెస్ లెక్క తిప్పుకుంట సందు పెంచుకునేవి గూడ ఉన్నయి. కొత్తోళ్లు అసొంటిది కొంటే ఒకటో నంబరు కాడ షురూ చేయొచ్చు.

కరుకుది ఎవలికి? గడ్డం దట్టంగ, మోటుగ ఉండి, మూడు నాలుగు దినాలకు ఒక్కపాలి గీసుకునేటోళ్లకు. సందు పెద్దగుంటది గనుక ఎంటికలు, నురగ ఇరుక్కోవు. మొటిమలున్నోళ్లకు, గీసినంక ఎంటిక లోపలికి మొలిచి పొక్కులు లేసేటోళ్లకు, రోజు గీసుకునేటోళ్లకు వద్దు.

గీసే తరీఖ సాదాదే. గోరువెచ్చని నీళ్లతోటి మొకం నానబెట్టు. నురగ మంచిగ పట్టించు. రేజర్ ను చర్మానికి సుమారు 30 డిగ్రీలల్ల వంచు. ఒత్తొద్దు, రేజర్ బరువే సాలు. ఎంటిక ఎటు మొలిస్తే అటే గీయి. ఎదురు గీసుడు మొదటి నెల మర్చిపో. నాలుగైదు సార్లకు బ్లేడు మార్చు. వాడిన బ్లేడు పెంటకుప్పల వెయ్యకు, బర్రె నోట్లకు పోతది, లేకుంటె ఎవలి కాల్లనో దిగుతది. ఒక డబ్బాల దాచిపెట్టి మూత బిగించు.

ఇగ మంగలి కత్తి. దీనికి పలక లేదు, మూత లేదు, కాపాడేది చెయ్యి ఒక్కటే. బ్లేడు సగానికి విరిచి పెట్టే కత్తి ఒక తీరు, ఇప్పుడు కటింగ్ షాపులల్ల ఉన్నది అదే. సాన అక్కర లేదు గానీ, జర చెయ్యి తప్పినా కోస్తది. అసలు కత్తికి మాత్రం గీసే ముంగట ప్రతిసారి తోలుపట్టీ మీద ఒక యాభై సార్లు తీడాలె. వెన్ను ముందుకు, అంచు ఎనకకు. మళ్లించేటప్పుడు వెన్ను మీదికెళ్లే మళ్లించాలె, లేకుంటె తోలు తెగుతది, అంచు పోతది. కొన్ని నెలలకు ఒకపాలి సానరాయి. వాడినంక తడి తుడిచి నూనె రాయకుంటె వానకాలం తుప్పు పడుతది.

మొదటి వారం చెంపలే గీయి. ఒక చేత్తోని చర్మం గుంజి పట్టు. కత్తిని అంచు పొడుగునా పక్కకు ఎన్నడు జరపకు, కోసేది అదే. గదువ, గొంతు ఆఖరుకు.

ఈ కత్తులకు జర్మనీల సోలింగెన్ పట్నం పేరుమోసింది. ఆ కత్తి రీల్ల కనవడితె స్టైల్ అంటున్నరు. మన ఊర్లల్ల నాయీబ్రాహ్మణ తాతలు అసొంటి కత్తినే పొదిల పెట్టుకొని, సాన పట్టి, ఇంటింటికి తిరిగి గడ్డాలు గీసిండ్రు. ఏడాదికోపాలి కల్లం కాడ ఇన్ని వడ్లు కొలిస్తే అదే కూలి. ఆ పనిని ఊరు చిన్నచూపు చూసింది, కులం పేరును తిట్టు చేసింది. స్టైల్ అనేటోళ్లు ఆ చేతుల నేర్పును గూడ ఒప్పుకోవాలె. నేర్చుకోవాలనుంటె మీ ఊరి షాపు అన్నను అడుగు. ఆయన టైముకు పైసలియ్యి, ఆయన చెయ్యి ఎట్ల తిరుగుతదో చూడు. ఏ రీల్ చూసినా అంత రాదు.

ఆఖరుకు ఒక్క మాట గట్టిగ చెప్త. హాస్టల్ల దోస్తులైనా, సొంత అన్నదమ్ములైనా రేజర్ పంచుకోవద్దు. కంటికి కనవడని నెత్తురు చుక్కతోటి హెపటైటిస్ బీ, సీ అంటుకోవచ్చు. హెపటైటిస్ బీ క్రిమి ఒంటి బయట గూడ తక్కువల తక్కువ ఏడు దినాలు బతుకుతది. షాపుల గూసున్నప్పుడు కొత్త బ్లేడు ఎయ్యమని అడుగుడు నామోషీ కాదు. రేజర్ మెత్తనిదా కరుకుదా అన్నది తర్వాత చూసుకోవచ్చు, బ్లేడు మాత్రం నీదే ఉండాలె.