నాటుమందు.. నీళ్ల గ్లాసు చెప్పేదెంత?

కలువాయి, ఆత్మకూరు, ఉదయగిరి వైపు ఇళ్లకు కరక్కాయ, తిప్పతీగ, నేల ఉసిరి కొత్తేమీ కాదు. దగ్గొస్తే మిరియాల కషాయం, మలబద్ధకానికి త్రిఫల చూర్ణం అందరికీ తెలిసినవే. ఒకప్పుడు చెట్టును గుర్తుపట్టగలిగినవాళ్లే మందు నూరి ఇచ్చేవారు. ఇప్పుడు అదే మందు అంగట్లో పొడిగానో, ఫోన్లో ఆర్డరిస్తే సీసాలోనో వస్తోంది. మధ్యలో ఎన్ని చేతులు మారిందో మనకు తెలియదు. కాబట్టి రెండు ప్రశ్నలు వేసుకోవాలి. ఇది అసలుదేనా? మనకు పడుతుందా? మొదటిదానికి కొంతవరకు ఇంట్లోనే జవాబు దొరుకుతుంది. రెండోదానికి దొరకదు.

కృష్ణపట్నం నేర్పిన పాఠం

ఈ తేడా నెల్లూరు జిల్లావాసులకు బాగా తెలిసి ఉండాలి. కరోనా రెండో ఉద్ధృతిలో కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మందు కోసం 2021 మే 21న వేలమంది తరలివచ్చారు. ఆ తర్వాత పంపిణీ ఆపి పరీక్షలు చేయించారు. కడుపులోకి తీసుకునే మందుతో హాని లేదని, అయితే అది కొవిడ్‌ను తగ్గిస్తుందనడానికి ఆధారం లేదని నివేదిక వచ్చింది. దాంతో మే 31న రాష్ట్ర ప్రభుత్వం పంపిణీకి అనుమతించింది. కంట్లో వేసే చుక్కలకు మాత్రం అప్పుడు అనుమతి ఇవ్వలేదు. కారణం సులువుగానే అర్థమవుతుంది. నోట్లో వేసుకోదగ్గదంతా కంట్లో వేయదగ్గది కాదు. కంటి మందులో సూక్ష్మక్రిములు ఏమాత్రం ఉండకూడదు. అది కంటితో చూసి తేల్చే విషయం కాదు.

ఇంట్లో చేసుకోదగ్గవి

* పొడికంటే కాయ మేలు. త్రిఫలకు కరక్కాయ, తానికాయ, ఉసిరి విడిగా కొని, గింజలు తీసి, ఎండబెట్టి దంచుకోండి. పొడిలో కల్తీ దాగుతుంది, కాయలో దాగడం కష్టం. బరువుగా ఉండి నీళ్లలో మునిగే కరక్కాయ మంచిదని ఆయుర్వేదం చెబుతుంది. పురుగు తొలిచినవి, బూజు వాసన ఉన్నవి పారేయండి. ఎండబెట్టినంత మాత్రాన బూజు విషం పోదు.

* గ్లాసు నీళ్లలో చెంచా పసుపు వేసి కదపకుండా ఉంచండి. అసలైనది అడుగుకు చేరి, నీళ్లు లేత పసుపురంగులో ఉంటాయి. నీళ్లు ముదురు పసుపురంగులోకి మారితే రంగు కలిసిందని అనుమానించాలి.

* మిరియాలను నీళ్లలో వేయండి. గట్టి మిరియాలు మునుగుతాయి. బొప్పాయి గింజలు తేలతాయి.

* తిప్పతీగ కాడ ఆకుపచ్చగా ఉంటుంది, దానిమీద బుడిపెలుండవు. దాన్ని పోలిన మరో తీగ బూడిదరంగులో, బుడిపెలతో ఉండి, తుంచితే పాలలాంటి ద్రవం కారుతుంది. ఈ రెండింటినీ పొరబడవద్దని ఆయుష్ శాఖ హెచ్చరించింది. తేడా పట్టలేకపోతే కోసుకురావద్దు.

గ్లాసుకు అందనివి

తేనె చుక్క నీళ్లలో కరగకుండా అడుగుకు దిగితే మంచిదంటారు. కానీ 2020 డిసెంబరులో ఢిల్లీలోని సీఎస్‌ఈ సంస్థ 13 బ్రాండ్ల తేనెను పరీక్షిస్తే, పరీక్షలన్నీ నెగ్గినవి మూడే. మామూలు ప్రయోగశాలల కళ్లు కూడా కప్పేలా తయారైన చక్కెర పాకాలు అందులో ఉన్నాయి. ప్రయోగశాలే మోసపోతే గ్లాసేం చేస్తుంది?

సీసం, పాదరసం సంగతీ అంతే. వాటికి రుచీ వాసనా తెలియవు. అమెరికాలోని బోస్టన్ ప్రాంతంలో మన దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తులను పరిశీలించిన వైద్యులు, 14లో సీసం, పాదరసం లేదా ఆర్సెనిక్ ఉన్నట్టు 2004లో వెల్లడించారు. భస్మాలు, రసౌషధాలు వైద్యుడి పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దనేది ఇందుకే.

మరో అనుమానం కూడా ఉండాలి. కీళ్లనొప్పి, ఆయాసం ఒక్క రాత్రిలో మాయమయ్యాయంటే ఆ పొడిలో స్టెరాయిడ్ కలిపారేమో చూడాలి. ముఖం ఉబ్బడం, బరువు పెరగడం, షుగర్ ఎక్కడం దాని గుర్తులు. అయితే చాలాకాలంగా వాడుతున్నదాన్ని ఒక్కసారిగా ఆపినా ప్రమాదమే. పొట్లం తీసుకుని డాక్టరు దగ్గరకు వెళ్లండి.

లేబుల్ చదవండి

ఆయుర్వేద మందు డబ్బాపై తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, చిరునామా, కలిపిన దినుసుల జాబితా ఉండాలి. 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఒక్కటే ఉంటే అది ఆహార పదార్థం, మందు కాదు. ఉమ్మెత్త, ముష్టి, నాభి, జీడి వంటి విషపూరిత మూలికలున్న మందులపై వైద్యుడి పర్యవేక్షణలోనే వాడాలన్న హెచ్చరిక తప్పనిసరి. షుగర్, క్యాన్సర్ నయం చేస్తామని ప్రకటనలివ్వడం 1954 నాటి చట్టం ప్రకారం నేరం. అంత పెద్ద మాట కనబడితే ఆ మందు కొనకపోవడమే మంచిది.

అసలుదైనా అందరికీ పడదు

* గర్భిణులు, పాలిచ్చే తల్లులు, కాలేయ, మూత్రపిండాల జబ్బులున్నవారు డాక్టరును అడగనిదే ఏ మూలికా వాడొద్దు.
* అతిమధురం రక్తపోటు పెంచుతుంది. బీపీ ఉన్నవారు జాగ్రత్తపడాలి.
* షుగర్ మాత్రలు, రక్తాన్ని పలుచన చేసే మందులు వాడేవారు, ఆపరేషన్‌కు వెళ్లేవారు తాము తీసుకునే చూర్ణాల పేర్లు డాక్టరుకు తప్పక చెప్పాలి.
* ఏడాది లోపు పసిబిడ్డకు తేనె నాకించవద్దు, అది ఎంత స్వచ్ఛమైనదైనా సరే.

కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులోకి మారినా, ఒళ్లంతా దురద పెట్టినా, ఆకలి చచ్చిపోయినా కాలేయానికి దెబ్బ తగిలిందేమో అనుకోవాలి. మందు ఆపి ఆసుపత్రికి వెళ్లాలి. కొన్న రోజే తేదీ రాసి, మిగిలిన పొడిని కవరుతో సహా దాచి ఉంచండి. ఏదైనా తేడా వస్తే ఏం తిన్నారో డాక్టరు తెలుసుకోవడానికి ఆ కవరే ఆధారం.