సూత్రం సరే, ఉపపత్తి ఏది?

ఢిల్లీలోని జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ప్రచురించే పదకొండవ తరగతి గణిత గ్రంథాన్ని ఈ వారం తిరగవేశాను. దేశంలో లక్షలాది విద్యార్థులు కలన గణితంలో ఓనమాలు దిద్దుకునేది ఈ గ్రంథంతోనే. చలరాశి ఘాతాలను అవకలించే సూత్రానికి అందులో ఉపపత్తి ఉన్నది. రెండు ప్రమేయాల లబ్ధం దగ్గరకు వచ్చేసరికి మాత్రం, అవధుల సిద్ధాంతాలనుండి అది వస్తుందనీ, ఇక్కడ నిరూపించబోమనీ చెప్పి ఊరుకున్నారు.

ఇది స్వల్ప విషయం కాదు. ప్రమేయాల మొత్తానికి అవకలజం వాటి అవకలజాల మొత్తమే. మరి లబ్ధానికీ అంతే కావాలి కదా అని ఎవరికైనా తోస్తుంది. లైబ్నిజ్ అంతటివాడే 1675 నవంబరులో ఈ ప్రశ్న వేసుకుని, ఉదాహరణతో పరీక్షించి, కాదని తేల్చుకున్నాడు. సరైన సూత్రాన్ని 1684లో ప్రకటించాడు. విచిత్రమేమంటే, ఆ వ్యాసంలో ఆయనా ఉపపత్తి ఇవ్వలేదు!

కారణం కాగితంపై గీసి చూపగలిగినదే. 100 గజాల పొడవు, 60 గజాల వెడల్పు గల స్థలాన్ని పొడవునా, వెడల్పునా ఒక్కొక్క గజం పెంచామనుకుందాం. అంచుల వెంట 100, 60 చదరపు గజాల పట్టీలూ, మూలన 1 చదరపు గజమూ కలుస్తాయి. పెంపు గజంలో పదోవంతే అయితే పట్టీలు 10, 6 చదరపు గజాలవుతాయి. మూల నూరోవంతుకు పడిపోతుంది. పెంపు సున్నాను సమీపించేకొద్దీ మూల లెక్కలోనుండి జారిపోతుంది, పట్టీలు రెండూ నిలుస్తాయి. అందుకే సూత్రంలో రెండు పదాలు: మొదటి ప్రమేయాన్ని రెండవదాని అవకలజంతోనూ, రెండవదానిని మొదటిదాని అవకలజంతోనూ గుణించి కూడాలి. ఈ తర్కాన్నే అవధుల భాషలో వ్రాస్తే ఉపపత్తి. అందుకు అర పుట చాలు.

ఆ అర పుటకు గిరాకీ లేకపోవడానికి పరీక్షలే కారణమని నా అభిప్రాయం. 2006 నుండి ఐ.ఐ.టి. ప్రవేశ పరీక్షలో సమాధానానికే మార్కులు. దానిని చేరిన దారికి లేవు. సూత్రం కంఠస్థమైతే చాలునని విద్యార్థి భావిస్తే తప్పు అతనిది కాదు.

ఇది మన సంప్రదాయమూ కాదు. సుమారు 1530లో కేరళలో జ్యేష్ఠదేవుడు అనంత శ్రేణులకు కారణాలు విడమర్చి చెబుతూ, సంస్కృతంలో కాక ప్రజల మలయాళంలో ఒక గ్రంథమే రచించాడు. దాని పేరు ‘యుక్తిభాష’.

పన్నెండవ తరగతి బోర్డు పరీక్షలో సోపానాలకూ మార్కులున్నాయి. అక్కడ ఏటా ఒక్క ఉపపత్తి అడిగితే చాలు. మిగిలినది ఉపాధ్యాయులే చూసుకుంటారు. సూత్రం మరచినవాడు ఉపపత్తి తెలిస్తే దానిని తిరిగి రాబట్టుకోగలడు. ఉపపత్తి ఎరుగనివాడికి సూత్రం మరుపు వస్తే మిగిలేది శూన్యమే.