వంటయింటి పరిమళము

వంట ముగించి నలుగురిలోనికి పోవునపుడు మనము మొట్టమొదట చేయు పని యేమి? ఒడలికి నంటిన నేతివాసనను, పాలవాసనను సబ్బుతో కడిగివేయుట. పిమ్మట సీసాలోని యత్తరు నొకింత పూసికొందుము. మనము కడిగివేసిన వాసనయే నేడు వెలపోసి కొను సీసాలలో నుండుట యెందఱెఱుగుదురు?

మీగడ, వెన్న, కాల్చిన చక్కెర, పాయసము మున్నగువాని తావిగల పరిమళములకు పాశ్చాత్యదేశములలో నిప్పుడు గిరాకి మెండు. ఇది మెల్లగా పెరిగిన వేడుక. వనిల్లా కాయలకు కమ్మదన మిచ్చు వనిల్లిన్ అను ద్రవ్యమును 1874లో జర్మను శాస్త్రజ్ఞులగు టీమన్, హార్మన్ అనువారు పైనుజాతి చెట్ల రసమున దొరకు పదార్థమునుండి చేసిరి. 1925లో పారిసులోని గెర్లాన్ సంస్థవారు వనిల్లా తావి ప్రధానముగా నొక పరిమళము చేసి, మొగలు చక్రవర్తుల తోట పేరున షాలిమార్ అనిరి. 1992లో వెలువడిన ఏంజెల్ అను పరిమళమున పీచుమిఠాయి వాసనగల ఇథైల్ మాల్టాల్ అను ద్రవ్యమును ధారాళముగా చేర్చిరి. నాటినుండి యీ తీరు పరిమళములు వెల్లువగా వచ్చినవి.

మీగడ కమ్మదనమునకు మూలములలో ముఖ్యమైనవి పాలకొవ్వునందలి లాక్టోనులు. వెన్న కాచునపుడు వేడిమిచే నవి హెచ్చును. జనగామ పల్లెలలో నొక యిల్లాలు వెన్న కాచిన వీధియెల్ల ఘుమఘుమలాడుట కిదియు నొక కారణము. కొబ్బరికమ్మదనమును వీనివలననే. సుగంధకారులు తమ సీసాలలో కలుపు మీగడతావియు నీ జాతి ద్రవ్యములదే.

మహబూబాబాదు, భూపాలపల్లి యడవులలో నింకొక వింత గలదు. వేసవి తొలినాళ్లలో ఇప్పపూవు తెల్లవారుజామున రాలును. కోయ మొదలగు గిరిజన స్త్రీలు చీకటితో లేచి, బుట్టల కేరి తెచ్చి యెండబెట్టుదురు. ఇప్పపూవనగానే సారాయి యని ముఖము చిట్లించువారు దాని తావి నెన్నడైన గమనించిరా? అది యుడుకుచున్న మేలిబియ్యపు టన్నమును తలపించును. ఇది భ్రమ కాదు. బాసుమతి బియ్యమునకు పరిమళ మిచ్చు 2-అసిటైల్-1-పైరోలీన్ అను ద్రవ్యమే ఇప్పపూవునందును గలదని శాస్త్రజ్ఞులు కనుగొనిరి.

భోజనమును, సుగంధమును వేరు చేసి, యొకదానిని తక్కువగా చూచుట మన పూర్వుల మతము కాదు. కాకతీయులు సామంతులై కొలిచిన కల్యాణి చాళుక్యుల వంశమున, 12వ శతాబ్దమువాడగు మూడవ సోమేశ్వరుడు తన మానసోల్లాసమున అన్నమును, మైపూతలను రాజభోగములలో సమముగా వర్ణించెను. కాకతి గణపతిదేవుని 1244 నాటి మోటుపల్లి శాసనము చందనమునకును, కర్పూరమునకును, పన్నీటికిని సుంకములు నిర్ణయించినది. సానపై నరగదీసిన చందనమున మీగడవంటి మెత్తని తావి యుండనే యున్నది. పచ్చకర్పూరమును మనము నేటికిని పాయసమున వేయుచునే యున్నాము.

సీసా పరిమళము కొనదలచువారి కొక మాట. తియ్యని తావి మన యెండలలో బరువెక్కును. ఒక చుక్క చాలును. ముందుగా ముంజేతిపై కొంచెము పూసి, దురద, మంట లేకున్ననే వాడవలెను. వంటకై యమ్ము వనిల్లా సారమును ఒంటికి పూయరాదు.

అంతకంటె ముఖ్యమైనది వేఱొకటి గలదు. పొయ్యికడనుండి వచ్చిన కోడలిని జిడ్డువాసన యని యెవరేని యెగతాళి చేసినచో, ఆ వాసనకు లోకము కట్టు వెల యెంతయో మనమే చెప్పవలయును. ఇప్పపూ లేరి తెచ్చిన స్త్రీతో బేరమాడునపు డీమాట మనమును మఱువరాదు.