తిమ్మిరి చేప - అత్తిపత్తి

జఫర్‌గఢ్‌నుండి సముద్రతీరమునకు 200 కిలోమీటర్లకు పైగా దూరము కలదు. అట్టి మెట్టసీమలలోని బాలబాలికలలో కడలి చేపను సజీవముగా చూచినవారు అరుదు. కాని తడినేలలందు పెరుగు అత్తిపత్తి ఆకును తాకి, అది ముడుచుకొనగా చూచి మురిసినవారు పలువురు. ఈ చిన్న మొక్కకును, సముద్రములోని ఒక చేపకును వింతయైన పోలిక కలదు. రెండింటియందును స్పర్శకు కలుగు స్పందనలో విద్యుత్తు పాలుగొనును.

ఆ చేప టెంకిచేపల వర్గములోనిది. పళ్లెమువలె చదునైన దేహముతో ఇసుకలో ఒదిగి యుండును. 18వ శతాబ్దమున విశాఖపట్నములో నివసించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడు, అచటి 200 చేపలను వర్ణించిన గ్రంథమును 1803లో వెలువరించెను. చేపల తెలుగు పేర్లను అతడు ఆంగ్లలిపిలో వ్రాసి యుంచెను. వానిలో 'తెమిరి', 'నల్ల తెమిరి' అనునవి కలవు. ఈ చేపను ముట్టినవాని చేయి తిమ్మిరెక్కును. శాస్త్రజ్ఞులు దీనికి పెట్టిన 'నార్సీన్' అను పేరునకు మూలమైన గ్రీకు పదమునకును తిమ్మిరి యనియే అర్థము.

చేప తలకు ఇరుప్రక్కల విద్యుదంగములు కలవు. కండరములనుండి మార్పు చెందిన పలుచని జీవకణములు అందు నాణెముల దొంతరవలె పేర్చబడి యుండును. ఒక్కొక్క కణమునందలి విద్యుత్తు స్వల్పము. మెదడు ఆజ్ఞ యిచ్చినంతనే అన్నియు ఒక్కసారిగా పనిచేయును. వాని బలము కూడి పెద్ద అదురగును. 1800లో వోల్టా తాను నిర్మించిన విద్యుద్ఘటమాలను ఈ జాతి చేపల అంగముతోనే పోల్చెను.

అత్తిపత్తికి మెదడు లేదు, నరములును లేవు. ఆకును తాకినప్పుడు పుట్టిన విద్యుత్సంకేతము సెకండునకు సుమారు రెండు మూడు సెంటీమీటర్ల వేగముతో సాగి, కాడ మొదటనుండు ఉబ్బెత్తు భాగమును చేరును. అచట ఒకవైపు జీవకణములనుండి లవణాంశములు, వానివెంట నీరు వెలువడును. ఆ వైపు సడలగా ఆకు వాలును. కొంతసేపటికి నీరు మరల నిండగా ఆకు విప్పుకొనును. 1917లో కలకత్తాలో పరిశోధనాలయమును స్థాపించిన జగదీశచంద్ర బోసు, ఈ మొక్కలోని విద్యుత్స్పందనలను సున్నితమైన యంత్రములతో పరిశీలించెను.

జీవకణపు పొర గుండా విద్యుదావేశము గల అయానులు కదలుటయే రెండింటికిని మూలము. అయినను చేప ఆ విద్యుత్తును వెలుపలికి ప్రయోగించి ఎరను పట్టును, శత్రువును తరుమును. మొక్క దానిని వార్తగా మాత్రమే లోలోపల నడపును. అందుచేత అత్తిపత్తిని తాకినవానికి అదురు తగులదు. ఆకు సిగ్గుపడినదనుట మనుష్యుల ముచ్చట. నిజమునకు అచట జరిగినది నీరు స్థానము మారుటయే. పోలికను గుర్తించిన పిమ్మట భేదమును కూడ వెదకినవారికే ఈ రెండు జీవుల స్వభావము బోధపడును.